ముందు ముగ్గురు, వెనక ముగ్గురు: పార్టీ ఆట ఎక్కడ పుట్టింది, కొత్తోళ్లు ఎందుకు చస్తారు

ఈసారి రూమ్‌లో కూర్చొని కాదు, కీసరగుట్ట మీద నుంచి మాట్లాడుతున్నా. గాలి సౌండ్ వస్తే ఏమనుకోకండి. ఇక్కడికి ఎందుకొచ్చానంటే, రామలింగేశ్వర స్వామి గుడికి అందరూ వస్తారు గానీ, గుట్ట మీద విష్ణుకుండినుల కాలం నాటి ఇటుక గోడల ఆనవాళ్లు ఉన్నాయని చాలామంది పట్టించుకోరు. దాదాపు 1500 ఏళ్ల కిందటి కోట. కోట గోడ చేసే పని ఏంది? శత్రువుని చంపదు. దెబ్బలు తను తింటది, వెనకున్నోళ్లకి టైమ్ ఇస్తది. అంతే. ఈ ఒక్క ముక్క మైండ్‌లో పెట్టుకోండి, ఇవాళ్టి ఎపిసోడ్ మొత్తం దీని మీదే తిరుగుద్ది.

మా చిన్నమ్మ కొడుకు ఉప్పల్‌లో ఉంటాడు. ఇంటర్ అయిపోయింది, సెలవులు. వాడికి 'విజార్డ్రీ' అనే పాత ఆట పట్టుకుంది. 1981 నాటి ఆట, 2024లో కొత్త బొమ్మలతో మళ్లీ వచ్చింది. రెండు వారాలు ఆడి ఆరుగురిని పెంచుకున్నాడు. ఆరుగురికీ ఫ్రెండ్స్ పేర్లే పెట్టాడు. ఒక రాత్రి రెండో అంతస్తులో ఆరుగురూ పోయారు. నాకు ఫోన్ చేసి "అన్నా, లోడ్ చేద్దామంటే పాత సేవ్ లేదు, శవాలు లోపలే ఉన్నాయంట" అన్నాడు. గొంతులో నిజమైన బాధ ఉంది. ఆటే కదా అని నవ్వలేకపోయా. వాడికి అప్పుడు చెప్పిందే ఇప్పుడు మీకు చెప్తున్నా, కొంచెం చరిత్ర కలిపి.

మొదట ఇది కంప్యూటర్ ఆట కాదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అచ్చు వేశారు. బల్ల చుట్టూ ఫ్రెండ్స్ కూర్చొని కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడేది. అందులో మొదట మూడే రకాల మనుషులు: కత్తి పట్టేవాడు, మంత్రం వేసేవాడు, పూజారి. దొంగ ఆ తర్వాతి సంవత్సరం, 1975లో చేరాడు. ఇందులో నాకు భలే ఇష్టమైన సంగతి పూజారిది. పార్టీలో వైద్యుడు ఉండాలని ఎవరో ముందే కూర్చొని ప్లాన్ చేయలేదు. ఆర్నెసన్ ఇంట్లో నడిచే ఆటలో ఒకతను రక్తపిశాచి పాత్ర పట్టుకొని మిగతావాళ్లని ఆడుకుంటున్నాడు. వాడికి అడ్డుకట్ట వేయడానికి పిశాచాలని తరిమే పాత్ర ఒకటి తయారు చేశారు. గాయాలు మాన్పడం కూడా ఆ పాత్రకే వచ్చింది. ఇప్పుడు మీ ఫోన్‌లో ఏ ఆటలోనైనా 'హీలర్' ఉన్నాడంటే, వాడి ముత్తాత అక్కడ పుట్టాడు.

సరే, ఆ బల్ల మీది ఆటలో సొరంగాలు సన్నగా ఉండేవి. ముందు నడిచేవాడే దెబ్బ తినేది. అందుకే ఎవరు ఏ వరసలో నడవాలో ముందే చెప్పుకునేవాళ్లు. ఇదే తర్వాత కంప్యూటర్‌లోకి వచ్చింది. 1970ల్లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో ప్లేటో అని ఒక కంప్యూటర్ నెట్‌వర్క్ ఉండేది. పాఠాలు చెప్పడానికి పెట్టారు, స్టూడెంట్స్ దాని మీద గేమ్స్ రాసుకున్నారు (మనోళ్లయినా అదే చేస్తారు). 1977లో అందులో 'ఊబ్లియెట్' అనే ఆట వచ్చింది. ఒక్కడివే దిగితే బతకడం కష్టం. నలుగురైదుగురు వేరే వేరే టెర్మినల్స్ ముందు కూర్చొని, ఒకే గుంపుగా దిగాలి. అంటే ఒక్కో పాత్ర వెనక ఒక్కో నిజమైన మనిషి.

కార్నెల్ యూనివర్సిటీలో ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ అనే ఇద్దరికి ఒక ఆలోచన వచ్చింది. ఇంట్లో ఒక ఆపిల్ టూ కంప్యూటర్ ఉన్న కుర్రాడికి నెట్‌వర్కూ లేదు, చుట్టూ ఐదుగురు ఫ్రెండ్సూ లేరు. అయితే ఆరుగురినీ వాడికే ఇచ్చేస్తే? 1981లో సర్-టెక్ కంపెనీ నుంచి వచ్చిన విజార్డ్రీ అదే. అందులో చివర ఎదురయ్యే మాంత్రికుడి పేరు వెర్డ్నా, రాజు పేరు ట్రెబోర్. ఆండ్రూ, రాబర్ట్ పేర్లని ఇంగ్లీషులో తిరగేసి చదవండి, అవే వస్తాయి.

నా లెక్కలో చరిత్ర మలుపు తిరిగింది ఇక్కడే. అప్పటిదాకా పార్టీ అంటే ఫ్రెండ్స్. గొడవ పడేవాళ్లు, మాట వినేవాళ్లు కాదు, ఒకడు బాత్రూమ్‌కి వెళ్తే అందరూ ఆగేవాళ్లు. విజార్డ్రీ తర్వాత పార్టీ అంటే ఒక్క మనిషి చేతిలో ఆరుగురు. తప్పు ఎవరిదీ అని వెతకాల్సిన పని లేదు. తప్పు నీదే. మా తమ్ముడికి అంత బాధ అందుకే అయింది.

ఇప్పుడు ఆట లోపలికి పోదాం. ఆరుగురు. ముందు వరసలో ముగ్గురు, వెనక ముగ్గురు. ముందు ముగ్గురే కత్తితో కొట్టగలరు, శత్రువు కత్తి తగిలేది కూడా వాళ్లకే. వెనక ముగ్గురు మంత్రాలు వేస్తారు. ఇది చూసి కొత్తోళ్లు "ఓకే, ముందు బలమైనోళ్లు, వెనక బలహీనులు" అని సర్దేసి దిగిపోతారు. సర్దడం కరెక్టే. కానీ ఒక రూల్ మర్చిపోతారు. ముందున్నోడు చచ్చినా, పక్షవాతం వచ్చినా వాడు వరస చివరికి జారిపోతాడు, వెనకున్నోడు ముందుకొస్తాడు. అంటే ఒక్క యోధుడు పడితే ఖాళీ అయిన చోటుకి బక్కపల్చని మనిషి వచ్చి నిలబడాల్సిందే. ఇంకొకడు పడితే ఇంకొకడు. ఒక్కడి చావు ఒక్కడితో ఆగదు.

మీ తాతనో నానమ్మనో అడగండి, పులి-మేక ఆడారా అని. గుడి బండల మీద, ఇంటి అరుగుల మీద గీసుకొని ఆడేవాళ్లు. ఎక్కువగా మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీద నుంచి దూకి దాన్ని చంపుద్ది. ఎప్పుడు? మేక వెనక చుక్క ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే. వెనక ఇంకో మేక ఉంటే పులి ఏమీ చేయలేదు. మేక బలం మేకలో లేదు, దాని వెనక నిలబడ్డ మేకలో ఉంది. విజార్డ్రీ ముందు వరస కూడా అంతే. యోధుడిని బతికించేది వాడి కవచం ఒక్కటే కాదు, వెనకున్న పూజారి 'డియోస్' అనే చిన్న వైద్య మంత్రం. మొదటి లెవెల్ పూజారికి అది రెండుసార్లే. రెండు. అవి అయిపోయాక లోపల తిరగడం అంటే వెనక చుక్క ఖాళీ పెట్టుకొని పులి ముందు నిలబడటమే.

అందుకే పాత ఆటగాళ్లు మొదట్లో చేసే పని చూస్తే నవ్వొస్తది. మెట్ల పక్కనే ఒక ఫైట్, వెంటనే పైకి. ఇంకో ఫైట్, పైకి. ఊర్లో సత్రంలో గదికి డబ్బులు అడుగుతారు గానీ గుర్రాల సాలలో పడుకుంటే ఫ్రీ. సాలలో గాయాలు మానవు, కానీ మంత్రాలు మాత్రం నిండుతాయి. కాబట్టి పూజారిని సాలలో పడుకోబెట్టి, లేపి, యోధులకి వైద్యం చేయించి, మళ్లీ సాలకే పంపుతారు. పాపం పూజారి. బోర్ పనే. కానీ మొదటి నాలుగైదు లెవెల్స్ ఇట్లనే గడుస్తాయి. దీన్ని దాటేసి లోపలికి పరిగెత్తినోళ్లే శవాలయ్యేది.

ఇక అసలు ఆయుధం. మాంత్రికుడికి మొదట్లో ఉండే మంత్రాల్లో ఒకటి 'హలీటో', చిన్న నిప్పు, ఒక్కడికే తగులుద్ది. ఇంకోటి 'కటీనో', నిద్ర మంత్రం, ఒక గుంపు మొత్తం మీద పనిచేస్తది. కొత్తోళ్లు వంద మందిలో తొంభై మంది నిప్పే వేస్తారని నా అనుమానం. నిప్పు కనిపిస్తది కదా, నంబర్ వస్తది, మజా ఉంటది. నిద్ర మంత్రానికి నంబర్ రాదు. కానీ ఐదుగురు శత్రువుల్లో నలుగురు పడుకుంటే ఆ రౌండ్‌లో మీకు తగలాల్సిన దెబ్బల్లో నాలుగు వంతులు పోయినట్టే. మా తమ్ముడిని అడిగా, చివరి ఫైట్‌లో మాంత్రికుడు ఏం వేశాడురా అని. "హలీటో, రెండుసార్లూ" అన్నాడు. ఇంకేం మాట్లాడను.

ఈ ఐడియా అమెరికావాళ్లదే అనుకోకండి. విరాటపర్వం గుర్తుందా? 'నర్తనశాల' సినిమా చూసినోళ్లకి బృహన్నల గుర్తుండే ఉంటాడు. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు ఒక్కడు, ఎదురుగా కౌరవ సేన. రథం తోలుతున్నది వణికిపోయే ఉత్తరకుమారుడు. అర్జునుడు యుద్ధాన్ని ముగించింది దేనితో? సమ్మోహనాస్త్రం. అందరూ స్పృహ తప్పారు. అప్పుడు ఉత్తరుడిని పంపి వాళ్ల పైబట్టలు తెమ్మంటాడు, ఉత్తర బొమ్మలకి కావాలని అడిగింది కదా, అందుకు. పంపుతూ ఒక జాగ్రత్త చెప్తాడు: భీష్ముడి దగ్గరికి పోకు, ఆయనకి ఈ అస్త్రానికి విరుగుడు తెలుసు, ఆయన పడిపోయి ఉండడు. చూశారా, గేమ్ భాషలో చెప్పాలంటే బాస్ మీద నిద్ర పనిచేయదు. ఇది తెలియక డంజియన్ చివర కటీనో వేసి చచ్చినోళ్లు కూడా ఉన్నారు. గుంపుకి నిద్ర, ఒంటరి పెద్ద శత్రువుకి నిప్పు. అర్జునుడికి ఈ తేడా తెలుసు.

ఆ తర్వాత 1987లో జపాన్‌లో 'ఫైనల్ ఫాంటసీ' వచ్చింది. హిరోనొబు సకగుచి డిజైన్, ప్రోగ్రామ్ రాసింది నాసిర్ గెబెల్లీ అనే ఇరాన్ మూలాలున్న అమెరికన్. ఇది మీ ఫోన్‌లో దొరుకుద్ది, 2021లో కొత్తగా చేసి వదిలారు. అందులో నలుగురే, వరసలు లేవు. కానీ వరస వేరే దారిలో దాక్కుంది. మొదటి వెర్షన్‌లో లిస్టులో పైనున్నోడికి దాదాపు సగం దెబ్బలు, రెండోవాడికి పావు, కింది ఇద్దరికీ కలిపి మిగతా పావు. చాలామంది పేర్లు పెట్టే తొందరలో మాంత్రికుడిని పైన పెట్టేసి, వీడెందుకు ఊరికే చస్తున్నాడని తల పట్టుకుంటారు. ఇంకో విచిత్రం, ఆ మొదటి వెర్షన్‌లో 'తెలివి' అనే నంబర్ ఉండేది, కానీ ప్రోగ్రామ్‌లో పొరపాటు వల్ల అది మంత్రాల బలాన్ని ఏమాత్రం పెంచేది కాదు. పిల్లలు పాపం ఆ నంబర్ పెరిగినప్పుడల్లా సంబరపడేవాళ్లు. ఇంకో మాట: అదే వెర్షన్‌లో నలుగురితో ఒకే శత్రువుని కొట్టమని చెప్పి, మొదటి దెబ్బకే అది చస్తే, మిగతా ముగ్గురూ గాలిని కొట్టేవాళ్లు. ఎవరిని ఎవరు కొట్టాలో ముందే పంచాలి.

1998లో 'బాల్డర్స్ గేట్' వచ్చింది, మళ్లీ ఆరుగురు, ఈసారి ఆట ఆగకుండా నడుస్తది, మీరు పాజ్ చేసి ఆర్డర్లు ఇవ్వాలి. అది కూడా ఆండ్రాయిడ్‌లో ఉంది. అందులో మొదటి లెవెల్‌లో ప్రాణం కాపాడేది ఏంది? ఇదే నిద్ర మంత్రం. ఎముకల గూళ్ల మీద మాత్రం పనిచేయదు, చచ్చినోడు మళ్లీ ఏం పడుకుంటాడు! 1974 కాగితం మీద ఉన్నది 24 ఏళ్ల తర్వాత కూడా అదే పని చేసింది.

సరే, మా తమ్ముడి శవాల సంగతికి వద్దాం. విజార్డ్రీలో పార్టీ మొత్తం చచ్చిన సంగతి అప్పటికప్పుడు డిస్క్ మీద రాసేసుకునేది. అప్పట్లో కుర్రాళ్లు అది రాసుకునేలోపే డిస్క్ లాగేసేవాళ్లంట. నిజాయితీగా ఆడేవాళ్లకి ఒక్కటే దారి: కొత్త పార్టీని తయారు చేసి, పాతోళ్లు పడ్డ చోటికి వెళ్లి మోసుకురావాలి. ఇక్కడో మెలిక ఉంది. పార్టీకి ఆరుగురే పరిమితి, శవం కూడా లెక్కలోకే వస్తది. ఆరుగురితో వెళ్తే ఒక్కరిని కూడా తేలేరు. ముగ్గురితో వెళ్తే ముగ్గురిని తేవచ్చు, కానీ ముగ్గురితో రెండో అంతస్తు దాకా బతికి వెళ్లాలి. ఎవరిని తగ్గిస్తారు? వాడు, నేను దీని మీద రాత్రి ఒంటిగంట దాకా కొట్టుకున్నాం. వాడు ముగ్గురూ యోధులే అన్నాడు. నేను యోధుడు, పూజారి, మాంత్రికుడు అన్నా. ముగ్గురే ఉంటే అందరూ ముందు వరసే కదా, మాంత్రికుడు ఒక్క దెబ్బకి పోతాడన్నాడు, అదీ నిజమే. చివరికి ఇద్దరు యోధులు, ఒక మాంత్రికుడు. కటీనో వేయడం, పారిపోవడం, అవసరమైతేనే కొట్టడం. కొత్తోళ్లని పెంచడానికే ఇంకో వారం పట్టింది.

మొన్న ఆదివారం మెసేజ్ పెట్టాడు. ముగ్గురిని పైకి తెచ్చాడు. బతికించడానికి గుడికి తీసుకెళ్తే అక్కడ డబ్బులు కట్టాలి, కట్టినా గ్యారంటీ లేదు. ఫెయిల్ అయితే శవం బూడిద అవుద్ది, బూడిద మీద కూడా ఫెయిల్ అయితే ఆ మనిషి ఇక లేనట్టే. ఇద్దరు లేచారు. ఒకడు బూడిదయ్యాడు, వాడికి నా పేరే పెట్టాడంట. డబ్బులు సరిపోవట్లేదు, దాచిపెట్టా అన్నాడు. ఇంకో ముగ్గురు రెండో అంతస్తులో అట్లనే ఉన్నారు. ఈ వారం వాళ్ల కోసం దిగుతున్నాడు.