ఎయిడ్స్ చరిత్రలో రెండో క్రిమి

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో రోగాల చరిత్ర రాయబూనినవారు ఎవరైనా మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంతోనే మొదలుపెడతారు. అక్కడ 1915లో క్షయ శానిటోరియం వెలిసింది. క్షయకు దగ్గుంది, నెత్తురుంది; కనుక దానికొక కొండగాలీ, ఒక కట్టడమూ, ఒక చరిత్రా దక్కాయి. బయటికి కనబడని రోగానికి యేం దక్కుతుంది?

సైటోమెగలోవైరస్ అలాంటిది. పేరు నోరు తిరగదుగాని, క్రిమి మనకు కొత్త కాదు. మన దేశంలో పెద్దవాళ్ళలో నూటికి తొంభైమంది పైచిలుకు వొంట్లో అది కాపురం చేస్తూనే వుంది. తల్లిపాలలో, పిల్లల వుమ్మిలో వచ్చి, జీవితాంతం వుండిపోతుంది. ఇరుకిళ్ళ బిడ్డలకు మరీ ముందుగా వస్తుంది. వొంట్లో రక్షణశక్తి వున్నంతకాలం పడుకునే వుంటుంది.

1981 జూన్ 5న లాస్ ఏంజెలిస్‌లోని అయిదుగురు యువకుల జబ్బును గురించి అమెరికాలో చిన్న నివేదిక వొకటి వెలువడింది. ఎయిడ్స్ చరిత్రకు అదే మొదటి పుట. ఆ అయిదుగురిలోనూ యీ క్రిమి ఆనవాళ్ళున్నాయి. అసలు కారణం యిదేనేమోనని కొందరు అనుమానించారు కూడా. 1983లో హెచ్.ఐ.వి. దొరికింది; అనుమానం తీరింది; రెండో క్రిమి కథలోంచి జారిపోయింది. రాజు పేరు నిలిచి సేన పేరు పోవడం మన చరిత్ర రచనకు కొత్తేమీ కాదు.

1986లో సునీతి సాల్మన్ శిష్యురాలు నిర్మల మద్రాసులో సేకరించిన రక్త నమూనాలను రాత్రి రైల్లో వేలూరు తీసుకుపోయింది. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో ఆరు నమూనాలు హెచ్.ఐ.వి.ని చూపాయి. దేశంలో అదే మొదలు. వేలూరు మనకు పరాయిది కాదు. 1911 దాకా అది చిత్తూరు ముఖ్యపట్టణంగా వున్న ఉత్తరార్కాటు జిల్లాలోనిదే. నేటికీ పెద్ద జబ్బంటే చిత్తూరువాళ్ళు బస్సెక్కేది తిరుపతికో, వేలూరికో!

అంటే సైన్సు మన గడపదాకా వచ్చింది. కాని ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా మందులివ్వడం 2004 ఏప్రిల్ 1న గాని మొదలు కాలేదు. మొదట యెంచుకున్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ వొకటి. నడుమనున్న ఆ పద్దెనిమిదేళ్ళలో యీ రెండో క్రిమికి అడ్డేముంది?

సీడీ-4 కణాలు యాభైకి దిగాక అది నిద్రలేచి కంటి రెటీనాను పట్టుకుంటుంది. నొప్పి లేదు, యెరుపు లేదు. చుక్కలు తేలుతున్నట్టుంటుంది, వొక పక్క మసకేస్తుంది. రోగి అద్దాల కొట్టుకు పోతాడు. రక్తపరీక్షతో తేలేది అంతంతమాత్రమే. దాదాపు అందరి రక్తంలోనూ దాని జాడ వుంటుంది మరి. కంట్లో చుక్కలు వేసి, పాప విప్పారాక రెటీనా చూడవలసిందే. గాన్సిక్లోవిర్ మందు రోగాన్ని నిలుపుతుంది. చచ్చిన రెటీనాను బతికించదు. హెచ్.ఐ.వి. మందులు సకాలంలో అందినచోట యీ అంధత్వం బాగా తగ్గింది. ఇప్పుడు దీని పాలబడేవాళ్ళు ముఖ్యంగా ఆలస్యంగా వచ్చినవాళ్ళూ, మధ్యలో మందులు మానినవాళ్ళూ.

ఎందుకు ఆలస్యమయిందో ఆ వైరస్‌నడిగి లాభం లేదు. 2017లో సీడీ-4 లెక్కతో పని లేకుండా అందరికీ మందులన్నారు. వివక్షను నిషేధిస్తూ ఆ యేడే చట్టమూ చేశారు. అయినా సొంతవూరి ఆసుపత్రి వరుసలో యెరిగిన మొహం కనబడుతుందేమోనని భయపడి పక్క పట్నానికి పోయే కూలిమనిషికి ఒకరోజు కూలీ, బస్సు ఛార్జీ పోతున్నాయి. అవి చేతిలో లేని నెలలో అతను వెళ్ళడు.