పారేసిన యంత్రాల మీద పుట్టిన మోజు

పాత అనలాగ్ సింథసైజర్ కొనాలనుకోవడం ఇప్పుడు గొంతెమ్మ కోరికే. పనిచేసే యమహా సీఎస్-80 ఒకటి అమ్మకానికి వచ్చిందంటే ధర లక్షల్లో పలుకుతుంది. అయితే ఈ మోజు ఆ యంత్రాలతో పాటు పుట్టింది కాదు. జనం వాటిని ఒకసారి వద్దనుకున్నాకే ముదిరింది.

1964లో అమెరికాలో రాబర్ట్ మోగ్, సంగీతకర్త హెర్బర్ట్ డాయిష్‌తో కలిసి తన సింథసైజర్ తొలి నమూనా తయారుచేశాడు. తర్వాత వచ్చిన మోగ్ మాడ్యులర్ యంత్రాలు బీరువాలంతేసి ఉండేవి. వాటిని కొనే స్తోమత విశ్వవిద్యాలయాలకు, పెద్ద స్టూడియోలకు తప్ప ఉండేది కాదు. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు కూడా ఒకటి వచ్చింది. అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అక్కడ దాన్ని నెలకొల్పాడు. 1970లో వచ్చిన మినీమోగ్‌ను కచేరీకి మోసుకెళ్లవచ్చు. కాకపోతే ఒకసారికి ఒక్క స్వరమే పలికేది.

1977లో యమహా తెచ్చిన సీఎస్-80 ఒకేసారి ఎనిమిది స్వరాలు పలికించింది. బరువు దాదాపు 100 కిలోలు, ధర 6,900 డాలర్లు. మీట నొక్కాక వేలిని ఇంకాస్త అదిమితే ఆ ఒక్క స్వరమే ఉబికివస్తుంది. పక్క వేళ్ల కింది స్వరాలు ఉన్నచోటే ఉంటాయి. 1982 నాటి బ్లేడ్ రన్నర్ చిత్రానికి వాంజెలిస్ ఇచ్చిన సంగీతంలో ఈ గుణం బాగా వినిపిస్తుంది. ఆ యంత్రంతో వేగే తిప్పలూ ఉన్నాయి. గది వేడెక్కితే శ్రుతి జారుతుంది. చోటు మారిస్తే మళ్లీ సరిచేసుకోవాలి.

1983లో అదే యమహా డీఎక్స్7ను 1,995 డాలర్లకే అమ్మింది. అది డిజిటల్, తేలిక, శ్రుతి తప్పదు. లక్షన్నరకు పైగా అమ్ముడైంది. అనలాగ్ యంత్రాలు సెకండ్‌హ్యాండ్ దుకాణాలకు చేరాయి.

వాటిలో రోలాండ్ టీబీ-303 ఒకటి. గిటారిస్టులకు తోడుగా బాస్ వాయించాలని చేసిన ఈ చిన్న పెట్టె బాస్ గిటారులా పలకనే లేదు. సుమారు 10,000 తయారుచేసి 1984 నాటికి కంపెనీ ఆపేసింది. చవగ్గా దొరికిన ఆ పెట్టెను షికాగో కుర్రాళ్లు కొన్నారు. వరస మోగుతుండగానే ఫిల్టర్ నాబ్‌లు తిప్పుతూ, 1987లో వాళ్ల ఫ్యూచర్ బృందం ‘యాసిడ్ ట్రాక్స్’ విడుదల చేసింది. యాసిడ్ హౌస్ నృత్య సంగీతానికి అది నాంది. అడిగే నాథుడు లేని పెట్టె కోసం ఎగబడ్డారు. విచిత్రమేమిటంటే, ముంబయిలో సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లోనే అదే యంత్రం మీద డిస్కో దరువుకు పది రాగాలు వాయించి రికార్డు చేశాడు. అప్పుడు పట్టించుకున్నవాళ్లు లేరు. 2010లో ఆ రికార్డు మళ్లీ విడుదలయ్యాకే పేరొచ్చింది.

ఇప్పుడు ఆ ధ్వనులకు కరువు లేదు. 2016లో మోగ్ కంపెనీయే మినీమోగ్‌ను మళ్లీ తయారుచేసింది. టీబీ-303కు చవక నకళ్లున్నాయి, సీఎస్-80కి సాఫ్ట్‌వేర్ ఉంది. అయినా అసలు యంత్రాల ధర దిగలేదంటే, కొనేవాళ్లు డబ్బు పోసేది ధ్వని ఒక్కదానికే కాదు, దాని వెనకున్న పాటల చరిత్రకు కూడా. ఆ చరిత్ర రాసినవాళ్లలో షికాగో కుర్రాళ్లు మాత్రం ఎవరూ అడగని సరుకని, చవకని ఆ పెట్టెను కొన్నారు. ఈనాటి ధరకు వాళ్లూ కొనగలిగేవారు కాదు.