పాట కోసం పాట్లు

వెబ్‌లో పాట వినడమంటే మొదట్లో ఫైలంతా దించుకుని ఆపైన వినడమే. సీడీ నాణ్యతకు సెకనుకు 1,411 కిలోబిట్లు కావాలి. అప్పటి మోడెం మోసేది 14.4. మూడు నిమిషాల పాటను కుదించకుండా దించుకోవాలంటే దాదాపు 5 గంటలు. 1995 ఏప్రిల్‌లో సియాటిల్‌లోని ప్రోగ్రెసివ్ నెట్‌వర్క్స్ సంస్థ రియల్‌ఆడియోతో ఈ బాధ తప్పించింది. మైక్రోసాఫ్ట్ వదిలి వచ్చిన రాబ్ గ్లేజర్ స్థాపించిన సంస్థ ఇది. ధ్వనిని గట్టిగా కుదించి, వస్తున్నది వస్తున్నట్టే వినిపించడం దాని పద్ధతి. గొంతు గరగరలాడేది, అయినా వినపడేది.

ప్లేయర్ ఒక్కటే ఉంటే చాలదు. తొలినాటి పీసీలు పుట్టుకతో కూయగలవే తప్ప పాడలేవు. సౌండ్ కార్డు విడిగా కొనాలి. సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ సంస్థ 1989లో తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ వాటిలో పేరుమోసింది. డాస్ రోజుల్లో ఆటోఎగ్జెక్ ఫైల్లో ‘సెట్ బ్లాస్టర్=ఏ220 ఐ5 డీ1’ లాంటి వరుస రాసుకోవాలి: కార్డు చిరునామా, ఇంటరప్ట్ నంబరు, డీఎంఏ ఛానల్. అదే ఇంటరప్ట్‌ను ఇంకో పరికరం పట్టుకుంటే కార్డు మూగనోము పట్టేది. విండోస్ 95 వచ్చాక ఈ లెక్కలు చాలావరకు కంప్యూటరే చూసుకుంది.

ఆ తర్వాతి చిక్కు బ్రౌజర్‌ది. పాట లింకు నొక్కితే వచ్చేది పాట కాదు, ‘ర్యామ్’ అనే చిన్న ఫైలు. పాట ఏ సర్వర్లో ఉందో చెప్పే చిరునామా మాత్రమే అందులో ఉంటుంది. ఫైలు రకాన్ని గుర్తుపట్టి బ్రౌజర్ దాన్ని ప్లేయర్‌కు అందించాలి. ఆ ముడి సరిగా పడకపోతే తెరమీద ఒంటరి చిరునామా కనిపించేది, పాట వినిపించేది కాదు.

భారత్‌లో 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్ మొదలుపెట్టినా, చౌకగా దొరికిన షెల్ ఖాతాల్లో కనిపించేవి అక్షరాలే. పాటల ఊసే లేదు. విదేశాల్లోని తెలుగువాళ్లకు ఆ ఇబ్బంది తక్కువ. రాగా, మ్యూజిక్ ఇండియా ఆన్‌లైన్ లాంటి సైట్లలో సినిమా పాటలు వినడానికి వాళ్లు రియల్ ప్లేయర్ పెట్టుకున్నారు. 1997లో విన్‌యాంప్ వచ్చి ఎంపీ3లను ఇంటింటికీ చేర్చింది. కొత్త ప్లేయర్ దిగిందంటే ఫైళ్లన్నీ తన చేతికే ఇమ్మనేది. పాతది మళ్లీ తెరిస్తే అదీ అదే మాట. ఈ సవతుల పోరులో నలిగింది వినేవాడే.

2000ల మధ్యకు బ్రౌజర్‌కు తగిలించుకునే ఫ్లాష్ ప్లగిన్ ఆ పోరును పక్కకు నెట్టింది. తర్వాత హెచ్‌టీఎంఎల్5 ఆడియో ట్యాగుతో పాడే పని బ్రౌజరే నెత్తికెత్తుకుంది. అక్కడా ఓ పేచీ వచ్చింది. 2009లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 3.5 పేటెంట్ల కారణంగా ఎంపీ3ని కాదని ఆగ్ వోర్బిస్‌ను పాడింది. సైట్ల వాళ్లు ఒకే పాటను రెండు రూపాల్లో పెట్టాల్సి వచ్చింది. ఎంపీ3 లైసెన్సుల వ్యవహారం 2017లో ముగిసింది. ఫ్లాష్‌కు అడోబ్ మద్దతు 2020 డిసెంబరు 31తో ఆగింది. ఈలోగా 2018లో క్రోమ్ కొత్త నియమం తెచ్చింది: వినేవాళ్లు అడగందే చాలా పేజీలు తమంతట తాము శబ్దం చేయకూడదు.