మాల్‌ఫంక్షన్ 54

"మా దగ్గర రీప్రొడ్యూస్ కావట్లేదు" అని రాసి బగ్ క్లోజ్ చేసిన పాపం నేనూ చేశానండోయ్. అందుకే థెరాక్-25 కథ నాకు మింగుడుపడదు.

అది కెనడాకి చెందిన ఏఈసీఎల్ తయారుచేసిన క్యాన్సర్ రేడియేషన్ మెషీన్. 1985లో అమెరికాలోని మారియెట్టాలో ఒకావిడ ఒళ్ళు కాలిపోయింది. అక్కడి ఫిజిసిస్టు అడిగితే, అలా జరగడం అసాధ్యమన్నారు. 1986 మార్చిలో టెక్సాస్‌లోని టైలర్‌లో మరొకరికి. ఇంజనీర్లొచ్చి చూసి ఏమీ లేదన్నారు. ఏప్రిల్లో అక్కడే ఇంకొకరు! ఆ ఇద్దరూ తర్వాత చనిపోయారు.

ఈసారి ఆసుపత్రి ఫిజిసిస్టు ఫ్రిట్జ్ హేగర్ కంపెనీ కోసం ఆగలేదు. ఆపరేటర్‌ని కూర్చోబెట్టి అవే కీలు పదేపదే నొక్కించాడు. పొరపాటున ఎక్స్‌రే అని కొట్టి, 8 సెకన్లలోపు ఎలక్ట్రాన్‌గా దిద్దితే చాలు, స్క్రీన్ మీద 'మాల్‌ఫంక్షన్ 54'. కంపెనీవాళ్ళకి ముందు రాలేదు. గబగబా టైప్ చెయ్యాలని ఈయనే చెప్పాల్సొచ్చింది (క్యూఏ వాళ్ళూ, వింటున్నారా?).

ఇంతకీ కంపెనీ పంపిన మొదటి 'ప్యాచ్' ఏంటో తెలుసా? అప్ యారో కీ పీకేసి, లోపల టేపు అంటించమని.