గంట, గడియ, నిమిషము

"ఎన్ని గంటలయినది?" అని రోజుకు పదిసార్లయినా అడుగుతాము. అడిగేవారికి గాని, చెప్పేవారికి గాని ఆ ప్రశ్నలోని గంట చెవిని పడదు. గంట అంటే కంచుతో పోతపోసి గుడిలోనో బడిలోనో వేలాడదీసిన వస్తువు. దానిని కొడితే వచ్చే మోత. ఆ మోత ఒక కాలపరిమితికి పేరు కావడం గడియారం చేసిన పని. కొత్త యంత్రంతోపాటు కొత్త మాట కూడ దిగుమతి అవుతుందని అనుకుంటాము గాని, తరచు యంత్రం మన ఇంటిలోని పాత మాటనే పనికి కుదుర్చుకొని, దాని అర్థాన్ని తన కొలతకు సాగదీస్తుంది, లేదా కత్తిరిస్తుంది.

గంటకు పూర్వం మన కొలత గడియ. ఇది ఘటిక అనే సంస్కృతపదం నుండి వచ్చినది. ఘటిక అంటే చిన్న కుండ. అడుగున సన్నని రంధ్రం గల గిన్నెను నీళ్లతొట్టిలో తేలవిడిస్తే, నీరు మెల్లగా ఎక్కి అది మునిగేసరికి ఒక గడియ, ఇప్పటి లెక్కలో 24 నిమిషాలు. ఆ గిన్నెకు గడియకుడుక అని పేరు. సూర్యోదయం మొదలు మరునాటి సూర్యోదయం వరకు 60 గడియలు. కాబట్టి గడియ కూడ పుట్టుకతో కాలవాచకం కాదు. మొదటి యంత్రం కుండను కాలం చేసినది. రెండవది మోతను కాలం చేసినది.

1526లో ఢిల్లీని గెలిచిన బాబరు తన స్వీయచరిత్రలో ఈ ఏర్పాటును ముచ్చటగా వర్ణించినాడు. ఎత్తయిన చోట మందమైన ఇత్తడి పళ్లెం వేలాడదీసి, గిన్నె మునిగినప్పుడల్లా దానిని కొట్టేవారట. అయితే నడిరేయి మెలకువ వచ్చినవానికి మూడో నాలుగో దెబ్బలు వినిపిస్తే, అది ఏ జాములోని లెక్కో తెలిసేది కాదు. అందుచేత గడియలు కొట్టిన తరువాత జాము సంఖ్యను కూడ విడిగా కొట్టవలసినదని ఆయన ఆజ్ఞాపించినాడు. నడుమ వచ్చి చేరిన శ్రోత సంగతి కూడ ఆలోచించిన ఆ ఆజ్ఞపై, ప్రసారవృత్తిలో ఉన్న మాకు ప్రత్యేకమైన గౌరవం.

ఐరోపా గడియారం దినాన్ని 24 భాగాలు చేసి తెచ్చినది. ఆ భాగానికి మనకు పేరు లేకపోలేదు. జ్యోతిషంలో హోర ఉన్నది. సరిగా రెండున్నర గడియలు. అయినా జనం పండితుల హోరను వదిలి, చెవికి వినిపించిన గంటనే పట్టుకున్నారు. ఇక యంత్రానికి పెట్టిన పేరు చూడండి: గడియారము. పేరులో గడియ ఉన్నది గాని, దాని ముఖం మీద ఎంత వెదకినా గడియ కనిపించదు!

నిమిషానికి పట్టిన భాగ్యం మరీ వింత. నిమిషమంటే రెప్పపాటు. రెప్ప వాల్చనివారు గనుకనే దేవతలు అనిమిషులయినారు. మనుస్మృతి లెక్కలో 18 నిమిషాలు ఒక కాష్ఠ, 30 కాష్ఠలు ఒక కళ, 30 కళలు ఒక ముహూర్తం, 30 ముహూర్తాలు ఒక అహోరాత్రం. గుణించి చూస్తే ఆ నిమిషం సెకనులో ఆరవ వంతుకంటె కొంచెమే ఎక్కువ. నిజమైన రెప్పపాటుకు ఎంతో దూరంగా లేదు. గడియారం దానిని 60 సెకనులు చేసినది. అనగా రెప్పపాటు 337 రెట్లు ఉబ్బినది. "ఒక్క నిమిషం" అని వెళ్లినవారు అంత సేపటికి గాని రారంటే ఆశ్చర్యమేమున్నది?

ముహూర్తానిది దీనికి ఎదురుదారి. పై లెక్కలో ముహూర్తమంటే రెండు గడియలు, 48 నిమిషాలు. పెండ్లికి వచ్చిన చుట్టం చెప్పులు విడిచి, కాళ్లు కడుగుకొని, చాపమీద కూర్చునేటంత వ్యవధి అందులో ఉండేది. నేటి శుభలేఖలో అది 10 గంటల 42 నిమిషాలు అనే ఒక సూదిమొన. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు పెద్దలందరి చూపులు వధూవరుల మీద కంటె చేతి గడియారాల మీదనే ఉంటవి.

గడియలు ఏ ఊరి సూర్యోదయం నుండి ఆ ఊరు లెక్కించుకునేది. రేఖాంశాల తేడానుబట్టి బందరుకును అనంతపురానికిని సుమారు 14 నిమిషాల భేదం. ఎద్దుబండికి ఆ భేదంతో పని లేదు, రైలుకు ఉన్నది. మద్రాసు నక్షత్రశాలలో గోల్డింగుహాము 1802లో రేఖాంశాన్ని నిర్ణయించి ఏర్పరచిన మద్రాసు కాలాన్ని తరువాత రైళ్లు అనుసరించినవి. 1906 జనవరి 1 నుండి భారత ప్రామాణిక కాలం వచ్చినది; దానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ మన కాకినాడకు చేరువగానే పోతుంది. కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ తమ కాలాలను విడువలేదు. కలకత్తా పట్టుదల విలువ సుమారు 24 నిమిషాలు, అంటే మన గడియ!

ఇన్ని మారినా ఒక మాట ఇంకా లొంగలేదు. అది రాత్రి. గడియారానికి అర్ధరాత్రి 12 గంటలకు రోజు మారుతుంది. మన భాషలో తెల్లవారితే గాని మారదు. శుక్రవారం వేకువన 2 గంటలకు పుట్టిన బిడ్డకు జాతకంలో గురువారం, బడి పుస్తకంలో శుక్రవారపు తేదీ. ఆ రెండింటితో జీవితమంతా గడుపుకోవచ్చును. రైలు విషయం అలా కాదు. టిక్కెట్టు మీద శుక్రవారం 0-20 అని చూచి, శుక్రవారం రాత్రి తీరికగా భోజనం చేసి, పెట్టె బేడా పిల్లలతో స్టేషను చేరిన కుటుంబాలు ఎన్నో. వారి బండి వెనుకటి రాత్రే వెళ్లిపోయి ఉంటుంది. వారు తెలుగు తెలియక మోసపోలేదు, తెలిసే మోసపోయినారు.

అందుకే ప్రత్యేక రైళ్ల ప్రకటన మా చేతికి వచ్చినప్పుడు, కాగితం మీద ఎట్లున్నా, "గురువారం అర్ధరాత్రి దాటిన 20 నిమిషాలకు, తెల్లవారితే శుక్రవారం" అని రెండుసార్లు చదువుతాము.