దైవాదేశమునకు పరీక్ష ఏది? మార్మను మతచరిత్రపై ఒక విచారము

ధర్మనిర్ణయమునకు ప్రమాణమేది అను ప్రశ్న మన శాస్త్రములలో ప్రథమగణ్యమైనది. మనుస్మృతి వేదము, స్మృతి, సదాచారము, ఆత్మతుష్టి అని నాలుగు ప్రమాణములను వరుసగా చెప్పినది. ఆత్మతుష్టి చివర నిలుచుట యాదృచ్ఛికము కాదు. వేదాధ్యయన సంస్కారముచే పరిశుద్ధమైన మనస్సు గలవారి తుష్టియే ఇచట గ్రాహ్యమని కుమారిలభట్టు వివరించెను. అనగా, ‘నా అంతరంగమున ఈశ్వరుడు పలికెను’ అని ఎవరు చెప్పినను అది ధర్మమైపోదు. ఈ నియమము లేనిచోట ఏమి సంభవించునో తెలియుటకు అమెరికా దేశమున పుట్టిన మార్మను మతచరిత్ర స్పష్టమైన నిదర్శనము.

ఆ మతస్థాపకుడగు జోసెఫ్ స్మిత్ 1805లో వెర్మాంట్ రాష్ట్రమున ఒక రైతుకుటుంబములో జన్మించెను. న్యూయార్క్ రాష్ట్రములోని పాల్మైరా ప్రాంతమున ఉండగా దేవదూత యొకడు తనకు సువర్ణఫలకములను చూపెననియు, వానిని దైవశక్తితో అనువదించితిననియు ఆతడు ప్రకటించెను. ఆ గ్రంథము ‘బుక్ ఆఫ్ మార్మన్’ అను పేర 1830లో వెలువడినది. ఆ ఏడే ఏప్రిల్ 6వ తేదీన మతసంఘము ఏర్పడినది. దేవుడు ప్రాచీనకాలముతో మౌనము వహింపలేదు, నేటికిని ప్రవక్తతో మాటాడుచున్నాడనునదే ఆ మతమునకు జీవనాడి.

అయితే దేవుడు ఒకనితో మాటాడినచో మరియొకనితో ఏల మాటాడడు? ఈ ప్రశ్న తొలి సంవత్సరముననే తలయెత్తినది. హైరమ్ పేజ్ అను అనుయాయి ఒక రాతి సాయమున తనకును ఆదేశములు వచ్చుచున్నవనెను. కొందరు నమ్మిరి కూడ. అంతట స్మిత్, సంఘము నిమిత్తము ఆదేశములను పొందు అధికారము తన కొక్కనికే కలదని మరియొక దైవాదేశమును ప్రకటించెను. వివాదము నాటికి సమసినది. కాని ఒక ఆదేశమును మరియొక ఆదేశముతో అణచుట తప్ప, ఆదేశమును పరీక్షించు సాధనమేదియు అచట ఏర్పడలేదు. తరువాతి కథకు బీజమిదే.

ఆ మతస్థులు మొదట హింసకు గురియైనవారే. మిస్సోరి రాష్ట్రమున స్థానికులకును వారికిని 1838లో ఘర్షణలు ముదిరినవి. ఇరుపక్షములును ఇండ్లను తగులబెట్టినవి. ఆ అక్టోబరు 27న గవర్నరు లిల్బర్న్ బాగ్స్ మార్మనులను నిర్మూలింపవలెను, లేదా రాష్ట్రమునుండి వెడలగొట్టవలెనని ఉత్తరువు నిచ్చెను. మూడు దినములకు హాన్స్ మిల్ అను పల్లెపై పడిన సాయుధమూక 17 మందిని కాల్చి చంపినది. మృతులలో బాలురును కలరు. ఆ ఉత్తరువును మిస్సోరి ప్రభుత్వము విధ్యుక్తముగా రద్దుచేసినది 1976లో.

వారు ఇల్లినాయ్ రాష్ట్రమునకు తరలి, మిసిసిపీ నదీతీరమున నావూ అను పట్టణమును కట్టుకొనిరి. 1844 జూనులో, స్మిత్ రహస్యముగా బహుభార్యాత్వమును నడుపుచున్నాడని అతని పూర్వానుయాయులే ఒక పత్రికలో వెల్లడించిరి. పట్టణాధ్యక్షుడైన స్మిత్ ఆ ముద్రణాలయమును ధ్వంసము చేయించెను. తత్ఫలితముగా కార్తేజ్ చెరసాలలో బంధింపబడిన ఆతనిని, సోదరుడు హైరమ్‌ను జూన్ 27న ఒక గుంపు కాల్చి చంపినది. అనంతరము బ్రిగమ్ యంగ్ నాయకత్వమున అనుయాయులు పశ్చిమదిశగా పయనించి, 1847 జూలైలో సాల్ట్ లేక్ లోయను చేరిరి.

పీడితుడే పీడకుడగుట ఆ పిమ్మటి ఘట్టము. 1857లో అధ్యక్షుడు బుకానన్ యూటాకు సైన్యమును పంపగా, పాత గాయములు మరువని ఆ ప్రజలలో భయమును ఆగ్రహమును పెచ్చరిల్లినవి. కొన్ని మహాపాపములకు పాపి స్వరక్తమే ప్రాయశ్చిత్తమను బోధ అప్పటికే ప్రసంగవేదికలపై వినబడుచుండెను. ఆ సమయమున అర్కన్సా నుండి కాలిఫోర్నియా పోవు ఒక బండ్ల బిడారు దక్షిణ యూటాలోని మౌంటెన్ మెడోస్ అను పచ్చికబయలున విడిసినది. స్థానిక మార్మను దళమువారు, కొందరు పైయూట్ తెగవారిని తోడు చేసికొని, దానిని ముట్టడించిరి. సెప్టెంబరు 11న జాన్ డి. లీ తెల్లజెండాతో వెళ్లి, ఆయుధములు విడిచినచో క్షేమముగా సాగనంపెదమని మాట ఇచ్చెను. నమ్మి వెలుపలికి వచ్చిన వారిలో స్త్రీలు, బాలబాలికలతో సహా సుమారు 120 మంది వధింపబడిరి. సాక్ష్యము చెప్పజాలని 17 మంది పసిపిల్లలు మాత్రమే మిగిలిరి. ఆ బాటసారులను పోనిండని బ్రిగమ్ యంగ్ వ్రాసిన లేఖ రెండు దినములు ఆలస్యముగా చేరినది. ఘాతకులలో శిక్షింపబడినవాడు లీ ఒక్కడే. 1877లో ఆతనిని అదే స్థలమున కాల్చి మరణశిక్ష అమలుచేసిరి.

ఇక బహుభార్యాత్వ వివాదము. 1843లో స్మిత్ వ్రాయించిన ఆదేశమును సంఘము 1852లో బహిరంగముగా ప్రకటించినది. అమెరికా ప్రభుత్వము దానిని నిషేధించినది. ఇది మా మతధర్మమని రెనాల్డ్స్ అను మార్మను వాదింపగా, సుప్రీంకోర్టు 1879లో తీర్పు చెప్పుచు, విశ్వాసము స్వేచ్ఛకు లోబడినదనియు ఆచరణము చట్టమునకు లోబడినదనియు విభజించినది. ప్రధానన్యాయమూర్తి వేయిట్ అందుకు నరబలిని, భర్తృచితిపై భార్య దహనమగుటను దృష్టాంతములుగా చూపెను. అనగా భారతదేశపు సహగమన దురాచారము ఆ తీర్పులో స్థానము పొందినది.

1890లో సంఘాధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ బహువివాహములను విడువుడని ప్రకటించెను. 1896లో యూటా రాష్ట్రమైనది. అయితే కొందరు ఒప్పలేదు. మొదటి ప్రవక్త నోట వచ్చినది శాశ్వత శాసనమైనచో, ప్రభుత్వభీతిచే దానిని రద్దుచేయ నెవరికి అధికారము? ఇట్లు వాదించి వేరుపడిన శాఖలకే మౌలికవాదులని పేరు. వారిలో అధికులు హింసకు దూరముగానే బ్రతికిరి. కాని కొందరి చేతిలో ‘ఆదేశము’ ఖడ్గమైనది. ఎర్విల్ లెబారన్ 1972లో స్వంత అన్నను, 1977లో మరియొక శాఖానాయకుని చంపించెను. 1984 జూలై 24న రాన్, డాన్ లాఫర్టీ సోదరులు తమ తమ్ముని భార్యను, ఆమె పదునైదు నెలల పసికందును గొంతుకోసి చంపిరి. వారిని ‘తొలగింపు’మని దేవుడు చెప్పినట్లు రాన్ ముందే వ్రాసికొనెను. అతడు చేరియున్న చిన్న ప్రార్థనాగోష్ఠియే ఆ వ్రాతను ఆమోదింపలేదు. ప్రధాన సంఘము అప్పటికే అతనిని బహిష్కరించినది. అయినను తన చెవికి వినబడినదే ప్రమాణమనుకొన్నవానికి ఇతరుల నిరాకరణ అడ్డు కాజాలదు.

‘బుక్ ఆఫ్ మార్మన్’ ఆరంభభాగమున, ఫలకములను సంపాదించుటకై నిస్సహాయుడై పడియున్న లాబాన్‌ను చంపుమని ఆత్మ ప్రేరేపింపగా, నీఫై మొదట సంకోచించి పిదప చంపిన కథ కలదు. కోట్లాది పాఠకులు దానిని పురాతన వృత్తాంతముగా చదివి విడుతురు. ఒకానొకడు దానిని తన కొరకైన విధిగా గ్రహించును. భేదము గ్రంథమున లేదు, వ్యాఖ్యాననియమమున కలదు.

ఇట్టి సందర్భమునే మీమాంసకులు ఎదుర్కొనిరి. శత్రువధ కోరువానికి శ్యేనయాగమును వేదమే చెప్పినది. మరి అది ధర్మమగునా? కాదని శబరస్వామి సమాధానము. ధర్మలక్షణమును చెప్పు జైమినిసూత్రమున ‘అర్థ’ శబ్దము కలదు; పరహింసకై చేయు కర్మ అనర్థము కనుక, వేదోక్తమైనను ధర్మము కాదు. శ్రుతివాక్యమునకే ఈ పరీక్ష తప్పనపుడు, ఒక వ్యక్తి మనస్సున తోచిన వాక్యమునకు ఎంతటి పరీక్ష కావలెను!

అట్లని మనకు గర్వింప హక్కు లేదు. వేయిట్ చూపిన దృష్టాంతము మనదే. మనుభాష్యకర్త మేధాతిథి అనుమరణమును శ్యేనయాగముతో పోల్చి, స్మృతియందు చెప్పబడినను అది ధర్మము కాదని ఎన్నడో నిర్ణయించెను. అయినను చితులు ఆరలేదు. 1829లో నిషేధశాసనము రావలసివచ్చినది. నియమము గ్రంథమున ఉండుట వేరు, సమాజము దానిని పాటించుట వేరు.

నేడు ప్రధాన మార్మను సంఘమున కోటి అరువది లక్షలకు పైగా సభ్యులు కలరు. బహుభార్యాత్వమును ఆచరించువారిని ఆ సంఘమే వెలివేయుచున్నది. మౌంటెన్ మెడోస్ ఘాతుకమునకు 2007లో, నూటయేబదవ వార్షికమున, అధికారికముగా విచారము ప్రకటించినది. కనుక దోషము ఒక మతమునకు అంటగట్టదగినది కాదు. దైవప్రేరణ తనకు కలిగెనని తోచిన ప్రతివాడును మొదట అడుగవలసినది ఒక్కటే: ‘ఇది చెప్పినది ఎవరు?’ అని కాదు, ‘దీని ఫలము పరపీడయా?’ అని. ఫలము పరపీడయైనచో, పలికినది ఎవరైనను అది ధర్మము కాదు.

స్వస్తి.