ఆన్‌లైన్ బిజినెస్ పెడుతున్నారా? పేమెంట్ గేట్‌వే తీసుకునే ముందు ఇవి చూసుకోండి!

ఇన్‌స్టాగ్రామ్‌లో చీరలు, వాట్సాప్‌లో పచ్చళ్లు అమ్మేవాళ్లు ఆర్డర్లు పెరగ్గానే సొంత వెబ్‌సైట్ పెట్టుకుంటున్నారు. అక్కడ వచ్చే మొదటి ప్రశ్న.. డబ్బులు ఎలా తీసుకోవాలి? రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ, సీసీ అవెన్యూ.. మార్కెట్‌లో పేర్లకు కొదవ లేదు. ఎవరు తక్కువ శాతం చెబితే వాళ్లకే ఓకే అనేస్తే తర్వాత ఇబ్బందే. ఎందుకంటే కస్టమర్ కట్టిన సొమ్ము ముందు వాళ్ల దగ్గరకు వెళ్లి, ఆ తర్వాతే మీ ఖాతాలో పడుతుంది.

ఆర్‌బీఐ అనుమతి ఉందా?

అందరూ గేట్‌వే అనే పిలుస్తారు కానీ ఇందులో రెండు రకాలున్నాయి. గేట్‌వే టెక్నాలజీ మాత్రమే ఇస్తుంది. వ్యాపారుల తరఫున డబ్బు తీసుకుని, తర్వాత వాళ్లకు జమ చేసేది పేమెంట్ అగ్రిగేటర్. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం బ్యాంకు కాని అగ్రిగేటర్‌కు అనుమతి తప్పనిసరి. వ్యాపారుల సొమ్మును బ్యాంకులో ఎస్క్రో ఖాతాలోనే ఉంచాలి. అనుమతి ఉన్న సంస్థల జాబితా ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో ఉంటుంది. సంతకం పెట్టే ముందు అందులో పేరు ఉందో లేదో చూస్కోండి.

అసలు ఖర్చు ఎంత?

కార్డులు, నెట్ బ్యాంకింగ్‌పై చాలా సంస్థలు 2 శాతం అటూఇటూగా ఫీజు తీసుకుంటాయి. ఆ ఫీజు మీద సాధారణంగా 18 శాతం జీఎస్టీ అదనం. ఉదాహరణకు నెట్ బ్యాంకింగ్‌తో కట్టిన రూ.1,000 ఆర్డర్‌పై 2 శాతం అంటే రూ.20, జీఎస్టీ రూ.3.60. మీ చేతికొచ్చేది రూ.976.40. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఆ పన్నును సాధారణంగా ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు.

యూపీఐ, రూపే డెబిట్ కార్డులపై 2020 జనవరి 1 నుంచి ఎండీఆర్ లేదు. అలాగని అంతా ఫ్రీ అనుకోవద్దు. కొన్ని సంస్థలు ప్లాట్‌ఫాం ఫీజు పేరుతో వసూలు చేస్తాయి. క్రెడిట్ కార్డు, ఈఎంఐ, విదేశీ కార్డుల రేట్లు వేరుగా ఉంటాయి. మీ కస్టమర్లు ఎక్కువగా యూపీఐ వాడుతుంటే, ముందు అడగాల్సింది యూపీఐ రేటే. సెటప్ ఫీజు, ఏడాది ఫీజు ఉన్నాయేమో కూడా అడిగేయండి.

డబ్బు ఎప్పుడు పడుతుంది?

చిన్న వ్యాపారికి ఇదే ప్రాణం. ఒకటి, రెండు పనిదినాల్లో జమ చేయడం మామూలు. రోజుకు రూ.20 వేల అమ్మకాలుంటే, రెండు రోజుల ఆలస్యం అంటే రూ.40 వేలు ఎప్పుడూ బయటే ఉన్నట్టు. సరుకు నగదుపై కొనేవాళ్లకు ఇది భారం. వెంటనే జమ చేసే సదుపాయానికి అదనపు ఫీజు ఉండొచ్చు.

రీఫండ్, చార్జ్‌బ్యాక్

కస్టమర్‌కు డబ్బు వాపస్ ఇచ్చినా, మొదట కోసుకున్న ఫీజు చాలాసార్లు తిరిగి రాదు. కస్టమర్ తన బ్యాంకులో ఫిర్యాదు చేస్తే అది చార్జ్‌బ్యాక్. గడువులోగా ఆధారాలు చూపకపోతే సొమ్ము పోతుంది. బిల్లు, కొరియర్ రసీదు, డెలివరీ వివరాలు జాగ్రత్తగా దాచుకోవాలి.

విదేశీ ఆర్డర్లు ఉంటే

అమెరికాలోని తెలుగువాళ్లకు పచ్చళ్లు, చీరలు పంపేవాళ్లు విదేశీ చెల్లింపుల సదుపాయం ఉందో లేదో ముందే కనుక్కోవాలి. పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్‌లో దేశీయ చెల్లింపులు ఆపేసింది. విదేశీ కస్టమర్ల కోసమే పనికొస్తుంది. కరెన్సీ మార్పిడి రేటులో కోత కూడా లెక్కేసుకోవాలి.

ఇవి రెడీగా పెట్టుకోండి

పాన్, బ్యాంకు ఖాతా, చిరునామా రుజువు, ఉంటే జీఎస్టీ నంబర్ అడుగుతారు. వెబ్‌సైట్‌లో రీఫండ్ పాలసీ, షరతులు, ఫోన్ నంబర్ లేకపోతే దరఖాస్తు ఆగిపోవచ్చు. 2022 అక్టోబర్ 1 నుంచి వ్యాపారులు కస్టమర్ల కార్డు వివరాలు దాచకూడదు. టోకెన్ పద్ధతే వాడాలి.

చివరగా ఒక మాట. పండగ సీజన్‌లో పేమెంట్లు ఆగిపోతే ఫోన్ ఎత్తేవాళ్లు కావాలి. సంతకానికి ముందే వాళ్ల హెల్ప్‌లైన్‌కు ఒకసారి ఫోన్ చేసి చూడండి. ఫిర్యాదులు చూసే నోడల్ అధికారి వివరాలు రాసి పెట్టుకోండి. వీలైతే రెండో గేట్‌వేను కూడా సిద్ధంగా ఉంచుకుంటే అమ్మకాలు ఆగవు.